తాతగారింటి వీధి తలుపుతో టీపాయి: పైపలకకు ఏ నమూనా వేయాలి?

గడపదీపం | ఏప్రిల్ 12, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా తాతగారి పెంకుటింటిని సంక్రాంతి తర్వాత తీసేశారు. పంపకాల్లో నేను వీధి తలుపు అడిగి తెచ్చుకున్నాను. మంచి టేకు. రెండు రెక్కలు, ఒక్కొక్కటి ఆరడుగుల ఎత్తు, 21 అంగుళాల వెడల్పు. ఒక్కో రెక్కకు ఏడేసి అంగుళాల పలకలు మూడు. వెనక అడ్డపట్టీలు వేసి మేకులు దిగ్గొట్టారు. మందం అంగుళంపావు.

హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆ తలుపు నిలబెట్టే చోటు ఎలాగూ లేదు. అందుకని టీపాయి మొదలుపెట్టాను. ఒక రెక్కను కోసి, రెండేసి ముక్కలు అతికించి కాళ్లు చేశాను. కాళ్లను కలిపే చట్రం కూడా అయింది. రెండో రెక్క పైపలక కోసం అలాగే ఉంది. మా సోఫా పొడవు ఆరున్నర అడుగులు, కూర్చునే ఎత్తు 17 అంగుళాలు. టీపాయిని 42 × 21 అంగుళాలు, ఎత్తు పదహారున్నర అనుకున్నాను.

ఇప్పుడు పైపలక దగ్గర ఆగిపోయాను. మూడు పలకలూ పక్కపక్కన అతికించి సాదాగా వదిలేయాలా? రెండు చివర్లా అడ్డపట్టీ వేయాలా? చిన్న ముక్కలుగా కోసి చేపముల్లు వరసలో పేర్చాలా? మధ్యలో తాండూరు బండ పొదగాలా? మా ఆవిడకు చేపముల్లు బాగా నచ్చింది.

ఇంకొక సంగతి ఉంది, అసలు అదే నన్ను ఆపుతోంది. అంచు పలక మీద గొలుసు గొళ్లెం ఊగి ఊగి చేసిన గీత ఉంది. అర్ధచంద్రాకారంలో జానెడు పొడవు ఉంటుంది. మధ్యలో లోతు దాదాపు మూడు మిల్లీమీటర్లు. వేలితో తడిమితే పాత గుడి మెట్టులా నున్నగా తగులుతుంది. చిత్రిక పడితే అది పోతుంది, పట్టకపోతే పైభాగం సమంగా రాదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


ఉలిసుత్తి | ఏప్రిల్ 12, రాత్రి 10:02

నమూనా తర్వాత చూద్దామండి. ముందు మూడు పలకల కోత చివర్లను ఫొటో తీసి పెట్టండి. చెట్టు పెరిగిన వలయాలు అక్కడ నిలువుగా ఉన్నాయా, విల్లులా వంగి ఉన్నాయా తెలియాలి. తేమ మీటర్ ఉంటే రీడింగ్ కూడా పెట్టండి. కోనసీమ గాలిలో ఉన్న చెక్క హైదరాబాద్ ఎండాకాలంలోకి వచ్చింది. ఇంకా ఎండుతూనే ఉంటుంది. తొందరపడి అతికించకండి.


వరండా | ఏప్రిల్ 13, ఉదయం 7:25

నేను విజయవాడలో ఇళ్ల లోపలి అలంకరణ పని చేస్తాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేపముల్లు అందమైన నమూనాయే, కానీ ఈ చెక్కకు కాదు.

చేపముల్లు వేయాలంటే ఏడంగుళాల పలకను రెండు, మూడు అంగుళాల ముక్కలుగా కోయాలి. అంత పాత టేకులో, అంత వెడల్పు పలకలో చూడవలసింది ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగే గీతలే. అవి కోతలో పోతాయి. పైగా 21 అంగుళాల వెడల్పులో ముల్లు నమూనా పూర్తిగా విచ్చుకోదు, రెండు వరసలకే అంచు వచ్చేస్తుంది. పెద్ద భోజనాల బల్ల మీద అయితే ఆ నమూనా నిండుగా కనిపిస్తుంది.

కొలతల విషయం: టీపాయి సోఫా పొడవులో మూడింట రెండు వంతులు ఉండాలని మేం లెక్క వేసుకుంటాం. మీ సోఫాకు ఆ లెక్కన 52 అంగుళాలు రావాలి. కానీ ఫ్లాట్‌లో నడిచే దారి ముఖ్యం, 42 అయినా ఇబ్బంది లేదు. సోఫాకూ టీపాయికీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు వదలండి. కూర్చున్న మనిషి వంగకుండా గ్లాసు అందుకోవాలి, మోకాళ్లు తగలకూడదు. ఎత్తు సరిగ్గా ఉంది, సోఫా కంటే అర అంగుళం తక్కువ ఉండటమే మంచిది.


లెక్కలమాస్టారు | ఏప్రిల్ 13, ఉదయం 11:40

నమూనా ఏదైనా చెక్క కదులుతుందన్న సంగతి మరచిపోకండి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. వెడల్పులో మాత్రం 5, 6 శాతం దాకా తగ్గుతుంది. ఎండిన తర్వాత కూడా గాలిలో తేమను బట్టి ఊపిరి తీసుకున్నట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

మీ పైపలక వెడల్పు 21 అంగుళాలు, అంటే సుమారు 530 మిల్లీమీటర్లు. దుంగను పక్క నుంచి కోసిన, అంటే వలయాలు విల్లులా ఉన్న టేకు పలకలో చెక్క తేమ ఒక శాతం మారితే వెడల్పు 0.18 శాతం మారుతుంది. మే నెలకూ ఆగస్టుకూ మధ్య చెక్క తేమ నాలుగు శాతం మారిందనుకోండి. 530 × 0.0018 × 4, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. దుంగ మధ్య నుంచి కోసిన, అంటే వలయాలు నిలువుగా ఉన్న పలకలైతే ఇందులో సుమారు సగం.

ఆ నాలుగు మిల్లీమీటర్లకు దారి వదిలిన నమూనా నిలుస్తుంది. వదలనిది పగులుతుంది, లేదా అతుకు విడుతుంది. మీరు రాసిన నాలుగు నమూనాలనూ ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించి చూడండి.

సందర్భం వచ్చింది కనుక ఇంకొకటి. టీపాయి అన్న మాటకూ టీకీ సంబంధం లేదు. మూడు కాళ్లదన్న అర్థంలో హిందీ నుంచి వచ్చిన మాట అది. మన నాలుగు కాళ్ల బల్లకు ఆ పేరే స్థిరపడిపోయింది.


మంచుదేశం | ఏప్రిల్ 13, రాత్రి 8:55

మాస్టారి లెక్క నా ఇంట్లో నిజమైంది. మేం మిన్నెసోటాలో ఉంటాం. 2016లో మా అమ్మానాన్నలు టేకు టీపాయి ఒకటి ఓడలో పంపారు. చాలా శ్రద్ధగా చేయించారు. నాలుగు పలకల పైభాగం, రెండు చివర్లా అడ్డపట్టీ. ఆ అడ్డపట్టీని పొడవంతా జిగురు పెట్టి అతికించి, పైపలకను చట్రానికి ఎనిమిది స్క్రూలతో బిగించేశారు.

ఇక్కడ చలికాలం ఆరు నెలలూ ఇల్లంతా హీటర్ నడుస్తుంది. ఇంట్లో గాలి ఎడారిలా పొడిబారుతుంది. మొదటి జనవరిలో ఒక రాత్రి హాల్లో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. లేచి చూస్తే మధ్య పలక ఒక చివర నుంచి మూరెడు దూరం నిట్టనిలువునా చీలింది. అతుకు దగ్గర కాదు, చెక్కే చీలింది. చీలికలో రూపాయి బిళ్ల దూరేంత సందు. వర్షాల్లో మూసుకుంటుందేమోనని చూశాను. వేసవిలో సగం మూసుకుంది, మళ్లీ చలికాలానికి తెరుచుకుంది.

నాన్న ఫోనులో చూసి చాలా బాధపడ్డారు. చేసినవాళ్లు మంచి పనివాళ్లే, కానీ చెక్కకు కదిలే దారి ఇవ్వలేదు. దయచేసి మీరు ఆ పొరపాటు చేయకండి.


గడపదీపం | ఏప్రిల్ 14, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. ఫొటోలు పెట్టాను. రెండు పలకల్లో వలయాలు విల్లులా ఉన్నాయి, గొళ్లెం గీత ఉన్న పలకలో దాదాపు నిలువుగా ఉన్నాయి. తేమ మీటర్ కొన్నాను. మూడింటిలోనూ 13 దగ్గర చూపిస్తోంది.

మంచుదేశం గారు చెప్పింది చదివాక అడ్డపట్టీ అంటేనే భయం వేస్తోంది. కానీ పాత బల్లలకు చివర అడ్డపట్టీ ఉండటం చాలాచోట్ల చూశాను. వాటిలో కొన్ని ఎన్నో ఏళ్లుగా బాగానే ఉన్నాయి. తేడా ఎక్కడుంది?


ఉలిసుత్తి | ఏప్రిల్ 14, రాత్రి 11:15

తేడా లోపల ఉందండి. మా నాన్న వడ్రంగి. తెనాలిలో నలభై ఏళ్లు చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాను.

అడ్డపట్టీ వేయాలంటే పైపలక చివరను నాలుకలా చెక్కాలి. పట్టీలో దానికి తగిన గాడి తీయాలి. రెండూ కూర్చిన తర్వాత మూడు చోట్ల చెక్క చీలలు దిగ్గొట్టాలి. నడిమి చీల దగ్గర మాత్రమే జిగురు. రెండు పక్కలా నాలుకలో తీసే బెజ్జాలు గుండ్రంగా ఉండకూడదు, వెడల్పు వైపు సాగి ఉండాలి. అప్పుడు పలకలు మధ్య నుంచి రెండు వైపులకూ జరుగుతాయి, పట్టీ మాత్రం కదలకుండా వాటిని వంగకుండా పట్టుకుంటుంది. మీరు చూసిన పాత బల్లల్లో ఉన్నది ఇదే. పైకి చూస్తే మంచుదేశం గారి టీపాయికీ దానికీ తేడా కనిపించదు.

అయితే ఇందులో ఒక లక్షణం ఉంది, దానికి సిద్ధపడి చేయాలి. పట్టీ అంచూ పలకల అంచూ ఏడాది పొడవునా ఒకే వరసలో ఉండవు. వానాకాలంలో పలకలు పట్టీ కంటే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు బయటికి వస్తాయి. ఎండాకాలంలో లోపలికి పోతాయి. అది లోపం కాదు, చెక్క బతికున్నట్టు. కొందరికి ఆ మెట్టు వేలికి తగిలితే నచ్చదు.

మీ విషయంలో నేను సాదా పలకలే వేస్తాను. మందం అంగుళం పైన ఉంది, చెక్క దశాబ్దాలుగా ఎండింది, కింద చట్రం ఉంది. వంగుతుందన్న భయం తక్కువ. పైపలకను చట్రానికి మాత్రం చెక్క బిళ్లలతో పట్టించండి. రెండంగుళాల బిళ్ల ఒక చివరను నాలుకలా చెక్కి, చట్రం లోపలి పక్కన తీసిన గాడిలో దూర్చాలి. రెండో చివరను పైపలకకు స్క్రూ వేయాలి. పొడవు పక్కల బిళ్లకూ గాడి అడుగుకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదలండి. పలక పెరిగితే బిళ్ల గాడిలో జరుగుతుంది. నేరుగా చట్రం నుంచి పైకి స్క్రూలు బిగించారంటే చీలికను పిలిచినట్టే.

పాత టేకును అతికించేటప్పుడు గుర్తుంచుకోండి. టేకులో నూనె ఉంటుంది, జిగురును సరిగా పట్టనివ్వదు. అంచులకు చిత్రిక పట్టిన వెంటనే అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు పెట్టి క్లాంపులు వేయండి. చిత్రిక పట్టి రాత్రంతా వదిలేసి పొద్దున అతికిస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

చిత్రిక పట్టే ముందు పలక మొత్తం మీద అయస్కాంతం నడపండి. తల విరిగి లోపల ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, చిత్రిక అలుగు పోతుంది. మేకుల చుట్టూ నల్లటి మరక ఉంటే దాన్ని తీయడానికి లోతుగా గీకకండి, ఇనుము దిగిన నలుపు లోపలి దాకా ఉంటుంది.

తేమ 13 ఉందన్నారు. పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి హాల్లోనే నెలరోజులు ఉంచండి. మీటర్ రీడింగ్ రెండు వారాల పాటు మారకపోతే అప్పుడు పని మొదలుపెట్టండి.


పాలపిట్ట | ఏప్రిల్ 15, ఉదయం 6:50

మీ ఇంట్లో చిన్న పిల్లలున్నారా? ఉంటే రెండు మాటలు.

మొదటిది మూలలు. మా బాబుకు ఏడాదిన్నర వయసులో టీపాయి మూల తగిలి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. సూదిలాంటి మూలలు పెట్టకండి. కనీసం రెండు అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రం చేయండి, పై అంచును కూడా మొద్దు చేయండి. పదహారు అంగుళాల ఎత్తు అంటే నడక నేర్చే పిల్లలు తూలి పడితే ముఖం అక్కడే తగులుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ తలుపుకు రంగు వేసి ఉందా?


గడపదీపం | ఏప్రిల్ 15, ఉదయం 8:15

మా పాపకు రెండేళ్లు. తలుపుకు బయటి వైపు ఆకుపచ్చ రంగు ఉంది, పొరలు పొరలుగా. ప్రతి పెళ్లికీ ఒక పూత వేసినట్టున్నారు. లోపలి వైపు రంగు లేదు. గొళ్లెం గీత లోపలి వైపే ఉంది. రంగు తీయడానికి ఎమరీ కాగితం మిషన్ అద్దెకు తెద్దామనుకున్నాను.


పాలపిట్ట | ఏప్రిల్ 15, ఉదయం 8:40

దయచేసి తేవద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. మీ తలుపు పూతలు అంతకు ఎంతో ముందువి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. రెండేళ్ల పిల్లలు నేల మీద చేయి పెట్టి నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఫ్లాట్‌లో అసలు చేయకండి. ఆరుబయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, తడిపి గీకాలి. హీట్ గన్ కూడా వద్దు, సీసం ఆవిరి వస్తుంది. మామూలు గుడ్డ మాస్కు చాలదు, సన్నటి దుమ్మును ఆపేది కావాలి. పని అయ్యాక ఆ బట్టలను విడిగా ఉతకండి. గీకిన పెళ్లలన్నీ సంచిలో మూటకట్టండి, మొక్కల మట్టిలో పడనివ్వకండి.


ఉలిసుత్తి | ఏప్రిల్ 15, ఉదయం 9:05

పాలపిట్ట గారు చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ముందే అడగవలసింది. రంగు ఉన్న వైపు ఎలాగూ అడుగుకు పోతుంది కాబట్టి నున్నగా రావాలని పట్టుబట్టనక్కర్లేదు. కానీ రంగు మొత్తం పోవాలి, పిల్లలు టీపాయి కిందికి దూరతారు.


కాఫీకప్పు | ఏప్రిల్ 15, సాయంత్రం 5:20

ఇంత శ్రమ ఎందుకండి? తలుపును ఉన్నది ఉన్నట్టు పెట్టి పైన గాజు పలక వేసేయండి. గొళ్లెం గీత అలాగే ఉంటుంది, సమం కాదన్న బాధ ఉండదు, కాఫీ ఒలికినా తుడిస్తే పోతుంది.


వరండా | ఏప్రిల్ 15, రాత్రి 7:45

కాఫీకప్పు గారు, చెక్కడపు తలుపు అయితే నేనూ గాజే చెబుతాను. గుంతల్లో దుమ్ము పేరుకుంటే తుడవలేం కనుక. అప్పుడు కూడా టఫెన్డ్ గాజే వేయాలి. దాన్ని తయారయ్యాక కోయడానికి వీలుండదు కనుక మూలల గుండ్రం, కొలత ముందే ఇవ్వాలి. ఈ కొలతకు 8 మిల్లీమీటర్ల గాజు 11 కిలోల పైన తూగుతుంది. చెక్కకూ గాజుకూ మధ్య చిన్న సిలికాన్ బొడిపెలు పెట్టి గాలి ఆడనివ్వాలి, లేకపోతే తేమ చిక్కుకుని మచ్చలు పడతాయి.

కానీ గడపదీపం గారు మొదటి పోస్టులో ఏం రాశారో చూడండి. వేలితో తడిమితే నున్నగా తగులుతుందన్నారు. గాజు వేశాక ఆ వేలు ఎక్కడ పెడతారు?


నల్లబండ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 2:10

తాండూరు బండ పేరు కనిపించి వచ్చాను. మాది ఆ ఊరే, బండల వ్యాపారం. నిజం చెబుతాను, ఈ బల్లకు బండ వద్దు.

14 × 36 అంగుళాల బండ, రెండు సెంటీమీటర్ల మందంతో తీసుకుంటే 17 కిలోల వరకు ఉంటుంది. రెండున్నర అంగుళాల కాళ్లు ఆ బరువు మోస్తాయి, అది సమస్య కాదు. సమస్య ఏమిటంటే బండ కదలదు, చుట్టూ ఉన్న చెక్క కదులుతుంది. చుట్టూ సందు వదలాలి. ఆ సందులో బిస్కెట్ పొడి, టీ చుక్కలు చేరతాయి. ఇంకొకటి, మా బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోయి మచ్చ దిగుతుంది. పైపూత వేసినా మచ్చ ఆలస్యంగా వస్తుందే తప్ప రాకుండా ఉండదు. వసారాలో నేల మీద దాని అందం వేరు. మీ దగ్గర మంచి చెక్క తక్కువపడితే బండ గురించి ఆలోచించాలి. మీకు నిండుగా ఉంది కదా.


లక్కపిడత | ఏప్రిల్ 16, రాత్రి 9:00

పైపూత గురించి ఎవరూ మాట్లాడలేదు. మాది అనకాపల్లి జిల్లా, ఏటికొప్పాకకు దగ్గర. మా వైపు లక్క పనిని చూస్తూ పెరిగాను. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే వచ్చే మెరుపు మరే పూతకూ రాదని నా నమ్మకం. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ తిరిగే గుండ్రటి వస్తువుకే ఆ పద్ధతి. బల్లపరుపు పలకకు కుదరదు.

పలకకు లక్కను స్పిరిట్‌లో కరిగించి రుద్దే ఫ్రెంచ్ పాలిష్ ఉంది. చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ టీపాయికి వద్దు. వేడి స్టీలు గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. మన ఇళ్లలో రోజుకు పది గ్లాసులు పెడతాం.

నా సలహా: ముందు అసిటోన్‌తో తుడిచి, ఉడికించిన అవిసె నూనె పలుచగా రెండు పూతలు, ఒక్కొక్కటి పూర్తిగా ఆరాక. దాని మీద మెరుపు తక్కువగా ఉండే పీయూ (పాలియురేథేన్) పూతను గుడ్డతో మూడు సార్లు రాయండి. గీత గుంతలో పూత నిలిచి గడ్డ కట్టకుండా పొడి గుడ్డతో వెంటనే తీసేయండి. వంటింటి కొబ్బరి నూనె, వేరుశనగ నూనె వాడవద్దు. అవి ఎన్నటికీ గట్టిపడవు, జిగటగా ఉండి దుమ్ము పడతాయి.

ఒక్క హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.


కాఫీకప్పు | ఏప్రిల్ 17, ఉదయం 10:30

గాజు మాట వెనక్కి తీసుకుంటున్నాను, వరండా గారు చెప్పింది నిజం. మరి గీత గుంతను పారదర్శకమైన ఎపాక్సీతో నింపితే? సమంగానూ ఉంటుంది, గీతా కనిపిస్తుంది.


ఉలిసుత్తి | ఏప్రిల్ 17, ఉదయం 11:10

నింపవచ్చు. కానీ నేను నింపను. ఎపాక్సీ ఎండ తగిలితే ఏళ్ల మీద పసుపు తిరుగుతుంది. బాగా వేడి పాత్ర పెడితే మెత్తబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి పోశాక మళ్లీ తీయలేరు. నూనె పూత నచ్చకపోతే గీకి మళ్లీ వేసుకోవచ్చు.

అయినా సమం కావాలని ఎందుకు పట్టుదల? ఆ గీత అంచు పలక మీద ఉంది. బల్ల మొత్తంలో జానెడు మేర గ్లాసు పెట్టరు, అంతే కదా. సోఫాకు అవతలి వైపు వచ్చేలా తిప్పుకోండి.


లెక్కలమాస్టారు | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 3:30

అవతలి వైపు ఎందుకు? ఇవతలి వైపే రావాలి. కూర్చున్నవాళ్ల చేతికి అందేలా.


గడపదీపం | మే 24, రాత్రి 10:20

నెల దాటింది. ఆలస్యానికి మన్నించండి, మీటర్ 9 దగ్గర నిలిచే దాకా ఆగాను.

రంగును మా అత్తగారి ఊళ్లో దొడ్లో, తడిపి గీకాను. రెండు రోజులు పట్టింది. ఆకుపచ్చ కింద నీలం, దాని కింద మళ్లీ ఆకుపచ్చ. పాపను ఆ రెండు రోజులూ పక్క ఇంట్లో ఉంచాం. అయస్కాంతానికి ఏడు మేకు ముక్కలు దొరికాయి. ఒకటి సరిగ్గా చిత్రిక పట్టబోయే అంచులో ఉంది. ఉలిసుత్తి గారు, మీరు చెప్పకపోతే అలుగు పోయేదే.

సాదా పలకలే వేశాను. గొళ్లెం గీత ఉన్న పలక ముఖానికి చిత్రిక అసలు తగలనివ్వలేదు. సన్నటి ఉక్కు రేకుతో మురికి మాత్రం గీకాను. మిగతా రెండు పలకల ముఖాలను దాని ఎత్తుకు తెచ్చుకుని, ఎక్కువ తక్కువలన్నీ అడుగు వైపు చిత్రిక పట్టాను. ఉలిసుత్తి గారు ఫోనులో చెప్పిన ఉపాయం ఇది. పని మొత్తంలో కష్టమైంది ఇదే, మూడు సాయంత్రాలు పట్టింది. మురికి పోయాక గీత లోపలి చెక్క తేనె రంగులో బయటపడింది. గొలుసు చివరి కొక్కెం ఆగే చోట మాత్రం చింతగింజంత గుంట నల్లగా ఉంది. దాన్ని అలాగే ఉంచాను.

మూలలు రెండు అంగుళాల గుండ్రం. కింద పది చెక్క బిళ్లలు. అతికించిన రోజు వెడల్పు మూడు చోట్ల కొలిచి చట్రం లోపల పెన్సిల్‌తో రాశాను: 530 మిల్లీమీటర్లు, మే 18.

చేపముల్లు కూడా వచ్చింది. పైపలక కోయగా మిగిలిన ముప్పై అంగుళాల ముక్కల్లో ఒకదాన్ని కోత మిల్లులో మూడు మిల్లీమీటర్ల రేకులుగా చీల్పించాను. ప్లైవుడ్ మీద, వంగకుండా రెండు వైపులా అతికించి పళ్లెం చేశాను. పన్నెండు అంగుళాలకు పదహారు. మా ఆవిడ నమూనా తనే గీసింది. వేడి గ్లాసులు ఇప్పుడు దాని మీదే పెడుతున్నాం.

గీత సోఫా వైపే ఉంది. అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు మొదట బల్లను చూసి మెచ్చుకుంది. కాసేపటికి టీవీ చూస్తూ చూస్తూ బొటనవేలితో ఆ గీత వెంబడి అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. తలుపు తీయమని తాతయ్య గొళ్లెం కొట్టే చప్పుడు గురించి చెప్పింది, రెండు సార్లు, కాస్త ఆగి ఒకసారి. నాకు అది తెలియదు.


మంచుదేశం | మే 25, ఉదయం 6:05

చాలా సంతోషం. నా చీలిన బల్లను ఈ వేసవిలో విప్పుతున్నాను. అడ్డపట్టీ కోసి తీసేసి, చీలిక దగ్గర పలకను రెండుగా చేసి మళ్లీ అతికించి, కింద చెక్క బిళ్లలు వేస్తాను. బిళ్లల దగ్గరి ఫొటో ఒకటి పెట్టగలరా? గాడి చట్రం పై అంచు నుంచి ఎంత కిందికి తీశారు?


గడపదీపం | మే 25, రాత్రి 9:00

ఫొటో పెట్టాను. గాడి పై అంచు నుంచి 12 మిల్లీమీటర్ల కింద. బిళ్ల పైముఖం నుంచి నాలుక దాకా ఉండే మెట్టు దానికంటే ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి, అప్పుడే స్క్రూ బిగించినప్పుడు పైపలకను కిందికి లాగి పట్టుకుంటుంది.


గడపదీపం | ఆగస్టు 17, రాత్రి 8:40

వారం రోజులుగా ఇక్కడ ముసురు. గుర్తొచ్చి ఇవాళ కొలిచాను. మూడు చోట్లా 533. అతుకులు చెక్కు చెదరలేదు. కిందికి దూరి టార్చి వేసి చూస్తే, బిళ్లలు గాడిలో జరిగిన చోట సన్నటి కొత్త గీత కనిపిస్తోంది.


లెక్కలమాస్టారు | ఆగస్టు 17, రాత్రి 9:15

మూడు మిల్లీమీటర్లు. ఒక పలక నిలువు కోతది కనుక నేను వేసిన నాలుగు కంటే తగ్గింది. ఆ 533 కూడా తేదీతో సహా చట్రం లోపల రాసి పెట్టండి. వచ్చే మేలో మళ్లీ కొలిచి ఇక్కడ చెప్పండి.